ఎల్లర్‌ఫుర్ట్‌కు ఆ పేరెలా వచ్చింది

ఆగస్టు 4

అరవై ఆరేళ్ల వయసులో పెళ్లికూతుర్ని. రాసుకుంటుంటేనే నవ్వొస్తోంది. లూడ్గర్‌ది అవతలి ఒడ్డున ఉన్న వైట్స్‌హాగెన్. మా రెండూళ్ల మధ్య బల్లకట్టు నడుపుతాడు. పెళ్లి వాళ్ల చర్చిలో, ఇరవయ్యో తేదీన.

హార్ట్‌విగ్ అన్నయ్యకు చెప్పాను. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. కాఫీ కప్పు కింద పెట్టి, “ఆ ఒడ్డువాడా? స్వీడన్ సైన్యానికి మన కోట దొడ్డిదారి చూపించింది వాళ్లేనే!” అన్నాడు. అది జరిగి నాలుగు వందల ఏళ్లవుతోంది. మా ఎల్లర్‌ఫుర్ట్‌లో అది మొన్నటి మాట.

ఆగస్టు 7

అన్నయ్య పెళ్లికి రాడట. వాళ్లది పోపు మతం, మనది లూథర్ మతం అన్నాడు. నువ్వు చర్చికెళ్లి ఎన్నేళ్లయిందని అడిగాను. అది వేరే సంగతట. పొద్దుటెండ కూడా ముందు వాళ్లకే పడుతుందట, మనకు వెనక కొండ అడ్డమట. ఆ కొండను వాళ్లే మోసుకొచ్చి పెట్టినట్టు మాట్లాడతాడు.

ఏడ్చాను. కాసేపే.

ఆగస్టు 12

వాన జాడ లేదు. వేజర్ నది చిక్కిపోయింది. బల్లకట్టు ఇసుకలో కూరుకుపోయింది. లూడ్గర్ ఫోన్ చేసి, పెళ్లికొడుక్కి పని పోయింది, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించేదేం లేదు, గడ్డం గీసుకోమన్నాను.

మా వంతెనను రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏప్రిల్‌లో పారిపోతూ మా జర్మన్ సైనికులే పేల్చేశారు. మళ్లీ కట్టలేదు. చుట్టాలంతా దిగువ ఊరి వంతెన మీదుగా తిరిగి రావాలి.

అన్నయ్యకు మహా సంతోషం. “చూశావా, నదికీ ఇష్టం లేదు.”

ఆగస్టు 17

సంతోషం పట్టలేక ఇంటికి రాగానే రాస్తున్నాను.

బడిలో భూగోళం చెప్పినన్నాళ్లూ పిల్లలకు చెప్పేదాన్ని. ఎల్లర్ అంటే నదొడ్డున పెరిగే ఒక చెట్టు, ఫుర్ట్ అంటే నదిని నడిచి దాటే చోటు. ఉప్పు బండ్లు ఇక్కడే దాటేవి. బండ్లు ఆగినచోట సత్రం, సత్రం చుట్టూ ఊరు. తర్వాత ఆవిరి పడవల కోసం నది అంచుల్లో రాతికట్టలు వేసి నీటిని లోతు చేశారు. ఆ దారిని చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. “టీచర్ కలగంది” అని పిల్లలు వెక్కిరించేవాళ్లు.

ఇవాళ బయటపడింది! ఎర్ర ఇసుకరాతి పలకలు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా. నడుమ మాత్రం మోకాళ్ల లోతు నీళ్లు.

అన్నయ్యను లాక్కెళ్లాను. రాతి మీద బండిచక్రాలు అరగదీసిన గాడి. వంగి, వేళ్లతో చాలాసేపు నిమిరాడు. “ఇంత గాడి పడిందంటే ఎంతమంది పోయుంటారే!” అన్నాడు. పోవడమేనా, వచ్చారు కూడా అన్నాను. ఇంటికి పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి నదిని చూశాడు.

ఆగస్టు 20, ఉదయం

అన్నయ్య ఇంటికి తాళం. సరే, ఆ రాళ్ల మీదుగా ఒక్కదాన్నే నడిచి వెళ్తాను.

సాయంత్రం

అన్నయ్య రేవులో నిలబడి ఉన్నాడు! నల్లకోటు, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, మెడలో వేలాడుతున్న బూట్లు. “దారి మన తాతలది. నా దారిన నేను నడవడానికి ఆ ఒడ్డువాడి అనుమతేంటి?” అని నా చెయ్యి పట్టుకున్నాడు.

వెనకాల ఊరు ఊరంతా నదిలోకి దిగింది. బేకరీ నడిపే ఊటె వెన్నకేకు పళ్లెం నెత్తిన పెట్టుకుంది. బ్యాండువాళ్లు పెద్ద బూరాను చంటిబిడ్డలా ఎత్తుకున్నారు. పాచి మీద ఒకరు జారితే ఇద్దరు పట్టుకోబోయి ముగ్గురూ పడ్డారు.

నడినీళ్లలో లూడ్గర్ ఎదురొచ్చాడు, పెళ్లిబట్టల్లోనే. అన్నయ్య ఆగి కిందా మీదా చూశాడు. “ఓయ్ బల్లకట్టూ, ఈసారి ఎవడొచ్చినా మా దొడ్డిదారి చూపించకు!”

“దొడ్డిదారెందుకు బావగారూ, ఇవాళ ముందుదారి మీరే చూపించారుగా!”

అన్నయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే నా చెయ్యి లూడ్గర్ చేతిలో పెట్టాడు. నా పెళ్లి అక్కడే అయిపోయింది. చర్చిలో జరిగింది రెండోసారి.

ఆగస్టు 29

ముసురు పట్టింది. రాళ్లు మునిగిపోయాయి. పొద్దున్నే లూడ్గర్ ఇంటి కిటికీ తీస్తే మా ఊరు ఎదురుగా ఉంది. రేవులో అన్నయ్య రెండు చేతులూ ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. ఒక్క ముక్క వినపడలేదు.

“సరే!” అని అరిచాను.