నేను తప్పానని నాన్నకు చెప్పు

నెట్‌వర్కింగ్ పరీక్ష తప్పానని నీకు రాస్తే, పాసయ్యానని నాన్నకు చెబుతావా అక్కా? నేను బాగానే ఉన్నాను. అర్థం చేసుకోకుండా బట్టీ పట్టాను, తప్పాను. నేను పనిచేసే చోట కేబుల్ మేస్త్రి పుస్తకం లాక్కుని, “ఈ కంప్యూటర్ పంపిన సందేశం పై అంతస్తుకు ఎలా చేరుతుందో చెప్పరా, వింటాను” అన్నాడు. రెండు ముక్కలు చెప్పి నీళ్లు నమిలాను. “అద్గదీ, నీ చదువు అక్కడ మొదలెట్టు” అన్నాడు. ఇప్పుడు రోజూ పుస్తకం చూడకుండా ఆయనకు పాఠం చెబుతున్నాను. ఆగిన చోటే మళ్లీ చదువుతున్నాను. వచ్చే నెల మళ్లీ రాస్తాను. ఈసారి నిజంగా పాసైతే నాన్నకు ఏమని చెప్పుకోను? ఆ సంతోషం నువ్వు ముందే ఖర్చుపెట్టేశావు. పాప దగ్గు తగ్గిందా? నా నీలం నోటుపుస్తకం పంపు. బావకు నమస్కారాలు. నాన్నకు నిజం నువ్వే చెప్పి, శుక్రవారంలోగా జవాబు రాయి. రాకపోతే శనివారం ఆయనకే కార్డు వేస్తాను.