బి.ఎ.కి మరమ్మతు

శ్రీ కొండలరాయ కళాశాల ఆఫీసు,
ఏలూరు, 4-7-1955.

శ్రీ సోమరాజు, బి.ఎ. గారికి,

అయ్యా,

గత సంవత్సరము మన కళాశాలలో పట్టా పుచ్చుకొన్న నలభై రెండు మంది ప్రస్తుతము ఏమి చేయుచున్నదీ తెలుపవలసినదిగా యూనివర్సిటీవారు కోరియున్నారు. జతపరచిన కాగితములో మూడు గడులు కలవు: (అ) ఉద్యోగము, (ఆ) పై చదువు, (ఇ) ఏమియు లేదు. తమకు వర్తించు గడిలో గుర్తు పెట్టి పదిహేను రోజులలోపల పంపవలెను. పట్టా తమకు ఏ విధముగా పనికివచ్చుచున్నదో కింద రెండు పంక్తులు వ్రాసినచో సంతోషింతుము.

ఇట్లు విధేయుడు,
హనుమంతరావు,
తాత్కాలిక గుమాస్తా.

తా.క. (ఇ) గడి అచ్చులో బాగా చిన్నదిగా పడినది. కావున సాధ్యమైనంతవరకు మొదటి రెంటిలోనే సర్దుకొనగలరు.

* * *

కొంగలలంక, ఆకివీడు మీదుగా,
19-7-1955.

మహారాజశ్రీ కాలేజీ గుమాస్తాగారికి సత్తిరాజు నమస్కరించి వ్రాసుకొనేది. ఇక్కడ మేమంతా క్షేమం. కొల్లేరు కూడా క్షేమమే, నీళ్లు ఇంకా మా గడపదాకా రాలేదు.

మీ ఉత్తరం మావాడి పేరున వచ్చింది. వాడు తాడేపల్లిగూడెంలో మేనత్త ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటున్నాడు కనక నేనే విప్పాను. చదివి వినిపిస్తే మా ఆవిడ సత్తెమ్మ కళ్లొత్తుకుందండి. ఇలాంటి మర్యాద తెలిసినవాడు ఆకివీడులో వలలు అల్లే తాతారావు ఒక్కడేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. వల అమ్మిన ఏడాదికి ఆయన దోనెలో వచ్చి, "ఎలా పనిచేస్తోందండీ?" అని అడుగుతాడు. ఎక్కడైనా తెగితే మన అరుగుమీదే కూర్చుని ఉచితంగా బాగుచేసి వెళతాడు. మా లంకల్లో అది ఆనవాయితీ. కాలేజీవారికి కూడా ఆ ఆనవాయితీ ఉందని తెలియక ఏడాదిగా మిమ్మల్ని లోలోపల తిట్టుకున్నాను. క్షమించాలి.

ఇక అసలు సంగతి. మీ బి.ఎ. పనిచేయడం లేదండి. ఆఫీసుకు వెళితే టైపు రాదన్నారు. స్కూలుకు వెళితే ట్రెయినింగు లేదన్నారు. గూడెం రైసుమిల్లులో, "ఇంత చదివినవాడివి మా దగ్గరేం నిలుస్తావు?" అన్నారు. పోనీ ఇంటి పని చేస్తాడా అంటే, చదువుకు ముందు కళ్లు మూసుకుని దోనె నడిపినవాడు ఇప్పుడు అందులో కాలు పెట్టబోతూ పంచె చూసుకుంటున్నాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ అరుగుమీద కూర్చుని దరఖాస్తులు రాశాడు. జవాబు రాని రోజున వాడి మొహం చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఎక్కడ తెగిందో నాకు తెలియదు. అల్లినవారు మీరు కనక మీకు తెలుస్తుంది. వాణ్ణి ఏ రోజున తీసుకురమ్మంటారో వ్రాయండి.

చిత్తగించవలెను,
సత్తిరాజు.

తా.క. పట్టా కూడా తెమ్మంటారా? దాని మూల ఒకటి ఎలక కొరికింది. ఆ చిరుగు మాది, దానికి మిమ్మల్ని ఏమీ అనం.

* * *

ఏలూరు, 2-8-1955.

శ్రీ సత్తిరాజుగారికి,

అయ్యా,

తమ లేఖ అందినది. పట్టా ఇచ్చుటతోనే కళాశాలవారి బాధ్యత తీరినది. ఇచ్చట మరమ్మతులు చేయబడవు. మేము కోరినది ఒక గుర్తు. తమ లేఖలో వలల విషయము సమగ్రముగా ఉన్నది గాని గుర్తు లేదు. నలభై ఒక్కరి వివరములు అందినవి. తమ కుమారుని వలన లెక్క ఆగినది.

ఉద్యోగము లేనియెడల అతనిని వాల్తేరులో ఎం.ఎ.కు పంపినచో (ఆ) గడిలో గౌరవముగా చేర్చగలము. రెండు సంవత్సరములలో ఏదియో ఒకటి తేలును.

ఇట్లు విధేయుడు,
హనుమంతరావు.

తా.క. తమరు తొందరపడవలదు. లెక్క ఆగినందున వ్యక్తిగతముగా నాకు ఇబ్బంది ఏమియు లేదు.

* * *

కొంగలలంక, 20-8-1955.

గుమాస్తాగారికి సత్తిరాజు నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చాక సత్తెమ్మ మిమ్మల్ని మెచ్చుకోవడం మానేసింది. తెగిన వల తీసుకొస్తే, "ఇంతకంటే పెద్ద వల కొనుక్కో" అన్నట్టుంది మీ జవాబు. తాతారావుకు కూడా చదివి వినిపించాను. పాపం ఆయన మీ తరఫున సిగ్గుపడి, "పెద్ద ఊళ్లో పద్ధతులు వేరేమోనండీ" అన్నాడు.

ఎం.ఎ. సంగతి విచారించాను. గణపవరం సూర్యనారాయణగారి అబ్బాయి మావాడితోపాటే ప్యాసయి వాల్తేరు వెళ్లాడు. ఎందుకు వెళ్లాడండీ అని వాళ్ల నాన్నగారిని అడిగితే, "ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చోవడం దేనికని" అన్నారు. అంటే మీ (ఆ) గడీ (ఇ) గడీ ఒకటేనండీ, మధ్యన రైలు చార్జీ తేడా.

నేనొక నిర్ణయానికి వచ్చాను. వచ్చే బుధవారం మావాణ్ణి తీసుకొచ్చి మీ ఆఫీసులో దింపుతాను. బాగయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. నెమ్మదస్తుడు, మీకేమీ ఇబ్బంది ఉండదు. బియ్యం నేను పంపుతాను. మధ్యలో తీసుకుపొమ్మంటే మాత్రం ప్రిన్సిపాలుగారి గుమ్మంలో కూర్చుంటాను.

ఇట్లు,
సత్తిరాజు.

తా.క. మీకని నాలుగు కొర్రమీనులు బిందెలో నీళ్లు పోసి తెస్తున్నాం, బతికే ఉంటాయి. మీరు తింటారో తినరో మీ చేవ్రాతను బట్టి తెలియలేదు.

* * *

ఏలూరు, 12-9-1955.

సత్తిరాజుగారికి నమస్కారాలు.

ఆఫీసు కాగితం మీద వ్రాస్తున్నా ఇది ఆఫీసు ఉత్తరం కాదు.

మీరు దింపి వెళ్లాక మీ అబ్బాయి బెంచీమీద కూర్చున్నాడు. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజు ఊరికే కూర్చోలేక నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏవండీ, ఏమైనా టైపు చేసిపెట్టమంటారా?" అన్నాడు. నేను దయతలచి నలభై రెండు పేర్ల జాబితా ఇచ్చాను. మూడు రోజుల్లో ముగించాడండీ! తప్పు ఒక్కటి లేదు. ఆ జాబితా పేరు చెప్పి నేను కిందటి దసరా నుంచి బతుకుతున్నాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. నేనూ ఈ కాలేజీ బి.ఎ.నే, మీవాడికంటే ఒక ఏడాది ముందు. లెక్క ముగిసేదాకానే నా పోస్టు. మీరు గుర్తు పెట్టకుండా వలల గురించి వ్రాస్తున్నంతకాలం మీకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. జాబితా చూసి ప్రిన్సిపాలుగారు, "ఇంత చక్కగా కొట్టిందెవరు?" అన్నారు. అంతకు ముందటి ఏడాదివాళ్ల, అంటే మా ఏడాదివాళ్ల, జాబితాకు మీవాడిని వేసుకుని, పోయిన సోమవారం నన్ను పంపేశారు.

కాబట్టి మీ అబ్బాయి (అ) గడిలో చేరాడు. అతనిమీద నాకు కోపం లేదు. లేదని వ్రాశాను గాని ఉందండి. ఇంట్లో మా అమ్మకు చెప్పలేక, రోజూ పదింటికి చొక్కా వేసుకుని వెళ్లి రైల్వే స్టేషన్లో కూర్చుంటున్నాను.

ఇట్లు,
హనుమంతరావు.

తా.క. మాది పూజారుల కుటుంబం. మీ కొర్రమీనులను కాదనలేక ఇంటికి తీసుకెళితే బిందెలోంచి ఎగిరి వంటింట్లో పడ్డాయి. అమ్మ ఇల్లంతా మూడుసార్లు కడిగింది. నాలుగోది ఇంకా దొరకలేదు.

* * *

కొంగలలంక, 18-9-1955.

హనుమంతరావుగారికి,

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మావాడు బాగుపడాలనుకున్నాను గాని మీ నోటి దగ్గర కూడు లాక్కోవాలనుకోలేదండి. మీరు స్టేషన్లో కూర్చుంటున్నారని విని సత్తెమ్మ అన్నం తినలేదు.

మా లంకలవాళ్లం ఆకివీడు నుంచి ఐసు బుట్టల్లో చేపలు కలకత్తా పంపుతాం. అక్కడి వర్తకులు చేప పాడైందని ఇంగ్లీషులో వ్రాస్తారు. పాడవలేదని తిరిగి ఇంగ్లీషులో వ్రాసే మనిషి మాకు లేడు. చెయ్యనని మర్యాదగా చెప్పడం మీకు ఎంత బాగా వచ్చో నాకు అనుభవమే. వచ్చెయ్యండి. మీకు వేరే పొయ్యి పెట్టిస్తానంది సత్తెమ్మ.

ఇట్లు,
సత్తిరాజు.

తా.క. మీరు చేపను ముట్టుకోనక్కర్లేదు. అది బాగుందని వ్రాస్తే చాలు.

* * *

శ్రీ కొండలరాయ కళాశాల ఆఫీసు,
ఏలూరు, 3-11-1955.

శ్రీ సత్తిరాజుగారికి,

అయ్యా,

పూర్వ విద్యార్థి శ్రీ హనుమంతరావు, బి.ఎ. గారు తమ వద్ద పనిచేయుచున్నట్లు తెలియవచ్చినది. వారు (అ) గడిలో గుర్తు పెట్టి "చేపల బుట్టల ఉత్తర ప్రత్యుత్తరములు" అని వ్రాసి పంపినారు. ప్రిన్సిపాలుగారు అది చదివి, కళ్లజోడు తీసి తుడిచి మరల చదివి, కళాశాల గౌరవమునకు ఇది తగదని అభిప్రాయపడినారు. కావున వారిని (ఆ) గడిలోనికి మార్చి "కొల్లేటి జలచరములపై పరిశోధన" అని చేర్చడమైనది. యూనివర్సిటీవారు మిక్కిలి సంతోషించి, సదరు పరిశోధన ఎప్పటికి పూర్తియగునని అడుగుచున్నారు. వెంటనే తెలియజేయగలరు.

ఇట్లు విధేయుడు,
సోమరాజు, బి.ఎ.,
తాత్కాలిక గుమాస్తా.

తా.క. నాన్నా, పైదంతా ఆఫీసు, ఇది నేను. హనుమంతరావుగారికి ఈ వారం కలకత్తా నుంచి క్షమాపణ ఉత్తరం వచ్చిందని అమ్మ వ్రాయించింది. ఈ జాబితా నెలాఖరుకల్లా అయిపోయేట్టుంది. ఎంత నెమ్మదిగా కొడదామన్నా వేళ్లు మాట వినడం లేదు. ఆ తరువాత నన్ను ఉంచరు. కలకత్తావారికి ఉత్తరాలు టైపులో వెళితే ఇంకా బాగుంటుందేమో ఆయనను ఒకసారి కదిపి చూడండి. ఆయన కింద అసిస్టెంటుగానైనా సరే.