పద్దెనిమిది నిమిషాలు

క్లూన్‌బారా,
2 అక్టోబర్ 1994

ప్రియమైన నాన్నా,

‘నాన్నా’ అన్న ఈ ఒక్క పిలుపు రాయడానికే నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. నీ ఇంటికీ నా ఇంటికీ మధ్య రెండు మైళ్ళే. అయినా నీ ఎదుట నిలబడితే నోరు పెగలదు, అందుకే ఉత్తరం.

క్లబ్బు కమిటీవాళ్ళు వచ్చి వెళ్ళారు. నీ తర్వాత శిక్షకుడిగా జట్టుని నన్ను చూసుకోమన్నారు. కుదరదన్నాను. డ్రమ్‌గారీ జట్టుకి శిక్షణ ఇస్తానని మాటిచ్చేశాను. అవును, ఏటి అవతలి ఆ డ్రమ్‌గారీకే. మన ఊళ్ళో ఇంతకంటే పెద్ద ద్రోహం లేదని తెలుసు. ఇంకొకరి నోట వినేకంటే నా చేతిరాతలోనే చదువుకో.

ఎందుకో కూడా చదువు. మన గేలిక్ ఫుట్‌బాల్‌లో చేత్తో బంతి పట్టేవాడిదే మధ్య మైదానం అంటూ పదిహేడో ఏట నన్ను మిడ్‌ఫీల్డ్‌లో నిలబెట్టావు. అంతకుముందు నువ్వు గడ్డి షెడ్డుకి అవతల నుంచుని, కప్పు మీదుగా బంతి విసిరేవాడివి. ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో తెలియని ఆ బంతిని నేను ఎగిరి గాల్లోనే పట్టాలి. పట్టడం వచ్చింది. పధ్నాలుగేళ్ళపాటు మన గోల్‌కీపర్ తన్నిన ప్రతి బంతికీ లేచాను. ముక్కు రెండుసార్లు విరిగింది, వేళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. పొద్దున పాల లారీ తోలి, సాయంత్రం వానలో పరిగెత్తి, మూడు సెమీఫైనళ్ళు ఓడి, చివరికి ఎనభై అయిదులో కౌంటీ ఫైనల్‌కి చేరాం. క్లూన్‌బారాకి అదే మొదటిది.

రెండో సగంలో పద్దెనిమిదో నిమిషాన నన్ను బయటికి పిలిచావు. ఆ సగంలో అప్పటికే నాలుగు బంతులు పట్టాను. నా బదులు డెర్మట్ టూహీని పంపావు, నేల మీంచి లేవాలంటే నిచ్చెన కావలసినవాణ్ణి. జనంలోంచి ఎవడో అరిచాడు: "ఏం హ్యూబీ, కొడుక్కి పొద్దున గంజి పొయ్యలేదా?" అందరూ నవ్వారు. నువ్వు నా మొహం కూడా చూడలేదు. ఒక్క పాయింటుతో గెలిచాం. మీరంతా కప్పు ఎత్తుతుంటే నేను బస్సులో ఒంటరిగా కూర్చున్నాను.

మళ్ళీ బూట్లు తొడగలేదు. పబ్బులో ఇప్పటికీ అంటారు: "ఒరేయ్ మాలకీ, నిన్ను తీసేస్తే గానీ మనకి కప్పు రాలేదు కదరా!" నేనూ నవ్వేస్తాను. ఇంటికొచ్చి నా భార్య నోరీన్ మీద అరుస్తాను.

ఒక్క ముక్క వివరణ కోసం ఇన్నేళ్ళూ చూశాను. చర్చిలో పక్క వరసలోనే కూర్చుని కూడా నువ్వు తల తిప్పలేదు. ఇక చూడను.

నీ కొడుకు,
మాలకీ


6 అక్టోబర్

ఒరేయ్ మాలకీ,

డ్రమ్‌గారీకి వెళ్ళు. నేను అడ్డు చెప్పను. కానీ నువ్వు రాసినదాంట్లో ఒకటి దిద్దాలి.

రెండో సగంలో నువ్వు నాలుగు బంతులు పట్టలేదురా. ఒక్కటీ పట్టలేదు. ఆ నాలుగూ మొదటి సగంలోవి.

విరామానికి కాస్త ముందు ఒకడి మోచెయ్యి నీ కణతకి తగిలింది. లేచి నడిచావు గనక ఎవరూ పట్టించుకోలేదు. బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని, కమలాపండు తొన చేత్తో పట్టుకుని నన్నడిగావు: "నాన్నా, అమ్మ వచ్చిందా?"

మీ అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు.

ఆ గదిలో అది నాకొక్కడికే వినపడింది. డాక్టరు తలుపు అవతలే సిగరెట్ కాలుస్తున్నాడు. మనం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నువ్వు లేకపోతే మధ్యలో బంతి పట్టే మొనగాడు లేడు. "వచ్చిందిరా. స్టాండులో కూర్చుంది, నీ ఆట చూస్తోంది. వెళ్ళు" అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ వెళ్ళావు.

పద్దెనిమిది నిమిషాలు! బంతి నీ నెత్తి మీదుగా పోతుంటే నువ్వు స్టాండులో ఎవరినో వెతుకుతూ నిలబడ్డావు. అది చూడలేక పిలిచాను. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

తీసేసినందుకు నన్ను ద్వేషిస్తున్నావని తెలుసు. ద్వేషించనిచ్చాను. ఆ చాటున నా అసలు తప్పు భద్రంగా దాక్కుంది. చర్చిలో తల తిప్పకపోవడం పొగరు కాదు.

నాన్న


11 అక్టోబర్

నాన్నా,

నీ ఉత్తరం చదవగానే లారీ ఎక్కి నీ గుమ్మందాకా వచ్చాను. కిటికీలోంచి నువ్వు రొట్టెకి వెన్న రాసుకుంటూ కనిపించావు. లోపలికొస్తే ఏం చేస్తానో నాకే తెలియక వెనక్కి తిప్పేశాను.

ఆ ఫైనల్ అయినప్పటినుంచీ నాకు నెలకి రెండు మూడుసార్లు తలనొప్పి వస్తూనే ఉంటుంది. ఒంట్లో కోపం ఎక్కువని నోరీన్ అనేది. రేపు ఆమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది.

డ్రమ్‌గారీవాళ్ళకి రానని చెప్పేశాను. మన జట్టుకీ రాను. నిన్ను క్షమించాననుకోకు. క్షమించలేదు. కారణం వేరు. నిన్న మైదానం గట్టున నిలబడి నన్ను నేను అడిగాను: కౌంటీ ఫైనల్, విరామం, రెండు పాయింట్లు వెనక. నా మిడ్‌ఫీల్డరు చనిపోయిన తల్లి కోసం అడుగుతున్నాడు. నేనేం చేస్తాను?

ఆలోచించనక్కర్లేకుండానే జవాబు వచ్చింది. నేనూ పంపిస్తాను. నీలాగా పద్దెనిమిది నిమిషాలకైనా వెనక్కి పిలుస్తానని నమ్మకం లేదు.

అందుకే, ఎవరి బిడ్డల్నీ నా చేతికి ఇవ్వొద్దన్నాను.

మాలకీ