నలభై ఒకటో పెట్టెలో పసుపు మరక

రేణిగుంట,
తేదీ: 11-8-2025

చమురు సంస్థ విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నూనె బావి రాతి నమూనాల మీద తప్పు గుర్తులు వేసినట్టు నా కుమారుడు దయానంద్ పేర నమోదైన తప్పును కొట్టివేసి, నా పేర నమోదు చేయించుట గురించి.

తమ రేణిగుంట రాళ్ల గోదాములో పదకొండేళ్లుగా కావలి పని చేయుచున్న మునెయ్య, వయస్సు 59, పుత్తూరు కాపురస్తుడు, సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. కోస్తాలో తమరు తవ్వించిన బావి మామూలు బావి కాదు. అక్కడి రాయి మహా బిగువు. నూనె ఉంటుంది గాని కదలదు. అదెట్లా అని అడిగితే మా వాడు, "నువ్వుల్లో నూనె మాదిరి ఉండాది నాయనా. గానుగ ఆడితేనే దిగుతాది" అన్నాడు. గానుగ అంటే, నీళ్లూ ఇసకా కలిపి విపరీతమైన ఒత్తిడితో లోపలికి కొట్టి రాయిని చీల్చడం. ఎంత లోతులో చీల్చాలో, పైకి తీసిన రాతి కడ్డీలను చూసి ఇంజనీర్లు తేలుస్తారు. ఆ కడ్డీల మీద లోతు అంకెలూ, పైకొన తెలిసేలా బాణాలూ వేసి, పెట్టెల్లో వరుసగా పేర్చడం దయానంద్ ఉద్యోగం. సముద్రపు తేమ తగలకూడదని ఆ పెట్టెలను మా గోదాముకు పంపుతారు.

2. మూడేళ్ల కిందట, దసరాకు వారం ముందు, నలభై ఒకటో పెట్టెను వాడే లారీలో తెచ్చి దించాడు. వాడి చేతిరాత నా కావలిలోకి రావడం అదే మొదలు. తొమ్మిదితో బడి మానేసిన నేను ఆ అంకెలను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను.

3. ఆయుధపూజ నాడు మా వీధి గోదాముల వాళ్లంతా లారీలు కడిగి, కాటాలకు బొట్లు పెట్టి, గుమ్మడికాయలు కొట్టారు. నాకేముంది, ఒక టార్చి లైటు, ఒక లాఠీ. నా కొడుకు పనిముట్లు ఈ రాళ్లే కదా అనుకున్నాను. నాలుగు రాళ్లు బయటికి తీసి, బాణాలు తూర్పుకు ఉండేలా గోనెపట్టా మీద పరిచి, నీళ్లు పోసి కొబ్బరి పీచుతో తోమాను. మా ఇంటిది గంగులమ్మ ఇచ్చిన పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించాను. రాళ్లను కడగరాదని నాకెవరూ చెప్పలేదు. ఇది సాకు కాదు, మనవి మాత్రమే.

4. తోమిన తోముడుకు వాడి అంకెలూ బాణాలూ పోయాయి. ఎవరికీ తెలియనివ్వలేదు. పరిచిన వరుసలోనే రాళ్లను ఎత్తి పెట్టెలో పెట్టాను. పెట్టెలో పై రాయి ఉండవలసిన కొన పడమటికి ఉందని చూసుకోలేదు. ఆపైన పెట్టె అంచు మీది అంకెలను బట్టి నల్లరంగుతో రాళ్ల మీద నేనే దిద్దాను. అట్లా కింది రాయి పైకీ, పై రాయి కిందికీ మారాయి. మా వాడు ఏడు అంకెకు నడుమ అడ్డగీత గీస్తాడు. ఆ గీత కూడా మరవకుండా గీశాను. అంత శ్రద్ధగా నా కొడుకు కొంప ముంచాను.

5. ఆ అంకెలను నమ్మి ఇంజనీర్లు చీల్చవలసిన చోటు విడిచి దాని కింద చీల్చారట. నీటి పొర తెగి, నూనెకు బదులు ఉప్పునీళ్లు వచ్చాయట. బావి మూసేశారు. "గుర్తులు వేసిన ఉద్యోగి అజాగ్రత్త" అని రాసి దయానంద్‌ను తీసేశారు. ఆ మాట మిగతా కంపెనీలకూ పాకింది. ఇప్పుడు ఏ బావి దగ్గరా వాడిని గేటు దాటనివ్వరు. వాడు మాత్రం ఇంట్లో, "ఆ పని నచ్చలే, మానేసినా" అని ఊరుకున్నాడు. మా ఎదురు గోదాములో ఎరువుల మూటలు మోస్తున్నాడు. నేను కుర్చీలో కూర్చొని, ఒళ్లు వంగనోడివి, మంచి పని కాలదన్నుకున్నోడివి అని రెండేళ్లు వాడిని తిట్టాను.

6. పోయిన నెల వాడి బట్టల కింద తమ విచారణ నివేదిక నకలు దొరికింది. బావి సంగతీ, వాడిని తీసేసిన సంగతీ అది చదివాకే నాకు తెలిసింది. పద్నాలుగో పేజీలో ఫోటో, దాని కింద "పసుపుపచ్చని మరక, ఎర్రటి చుక్కలు, సహజ ఖనిజములు కావచ్చును" అని ఉంది. పెద్ద చదువులవారిని కాదనేంతటివాడిని కాను. కానీ అయ్యా, ఆ ఖనిజం గంగులమ్మ మా ఇంటి రోట్లో దంచింది. సందేహముంటే ఆ మరక మీద తడి సున్నం రాయించండి. ఎర్రబడితే పసుపే. ఈ పరీక్షకు ల్యాబు అక్కరలేదు, మా వక్కాకు సంచి చాలు.

కావున తమరు దయతో ఆ రాళ్లను మరల చూపించి, దయానంద్ పేరు మీది మచ్చను తుడిపించి, అదే మాటను అదే పేజీలో నా పేరు మీద రాయించవలెను. నన్ను పనిలోనుంచి తీసినా, పోలీసులకు అప్పగించినా నాకు సమ్మతమే. వాడికి ముప్పై ఒకటి నిండలేదు. ఈ తండ్రి మొరను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మునెయ్య
(కావలి, రాళ్ల గోదాము)

తా.క. పై అర్జీ పోస్టు చేసే ముందు మా వాడికి చూపించాను. చదివి, మడిచి, నా జేబులోనే పెట్టాడు. "ఫోటోలో పసుపు సూసిన పొద్దే తెలుసు నాయనా" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదురా అన్నాను. "చెప్తే నీ పని పోతాది. ఈ వయసులో నిన్ను ఇంగెవురు పెట్టుకుంటారు? నాకైతే మూటలన్నా ఉండాయి" అన్నాడు. పంపొద్దన్నాడు. పంపుతున్నాను. నేను అన్నన్ని మాటలన్నా వాడు నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. తమరైనా అనండయ్యా.