రిపోర్టుల్లో లేని నొప్పి

చెల్లీ పార్వతీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫోటో ముందు దీపం పెట్టి, నీ కూతురు సుజాతను శ్రీకాకుళం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. నీలాగే దానికీ ఒళ్లంతా నొప్పులు, నిద్ర పట్టదు. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారట. పరీక్షల్లో కనపడకపోయినా నొప్పి నిజమేనని, పూర్తిగా పోదని, మందులు వేసుకుంటూ, రోజూ కాస్త నడుస్తూ నెట్టుకురావాలని డాక్టరమ్మ చెప్పింది.

నీ రిపోర్టులూ బాగున్నాయని, మందులతో పనిలేదనుకుని, నేను నిన్ను ప్రతి ఆదివారం అరసవల్లి సూర్యుడి గుడికి తీసుకెళ్లి సూర్యనమస్కారాలు చేయించాను. ఆరోగ్యం ఇచ్చే దేవుడు కదా అనుకున్నాను.

"అక్కా, సేతులు లెగట్లేదే" అన్నావు.

"దేవుడి దగ్గర కూడా ఏషాలేటే?" అన్నాను.

ఆ తర్వాత నువ్వు నొప్పి మాటే ఎత్తలేదు. గుండెపోటు వచ్చిన రోజు కూడా ఎవరికీ చెప్పకుండా పడుకున్నావు. ఆ పడుకోవడమే చివరిది.

తిరుగు బస్సులో సుజాత కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎక్కడే నొప్పి అని అడిగాను.

"ఏటీ నేదు పెద్దమ్మా. రోజూ అదే సెప్తే నీకూ ఇసుగే."

నాకు భయమేసింది.

"ఇసుగు నేదు. సెప్పు."

నా వైపు తిరిగింది. తర్వాత మెడ అంది, భుజాలంది, అరికాళ్లంది. నరసన్నపేటలో దిగేదాకా చెబుతూనే ఉంది. నేను అడ్డు రాలేదు. దేవుడి పేరు కూడా ఎత్తలేదు.

నీ పెద్దక్క