ఎర్ర దారం

అల్లుడూ,

ఈరోజు పడవ తీయొద్దు. మోటారు గేరాయిలు పాలలా తెల్లబడింది, నీళ్లు చేరాయి. అంతా డబ్బాలోకి కార్చాను, ఏట్లో పోయొద్దు. నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీలు కొనడానికి పట్నంలో ప్యారీస్ బజారుకు పోతున్నాను. అది మార్చేదాకా కొత్త ఆయిలు పోయకు.

నిన్న ఎన్నూరు ఒడ్డున అందరి ముందూ, "బురదలో తోలి చెడగొట్టినావు కదప్పా" అన్నాను. పొద్దున మోటారు కింద నీళ్లలో తిరిగే ఫ్యాను విప్పి చూశాను. ఇరుసుకు ఎర్ర దారం చుట్టుకుని సీలును కోసేసింది. మన ఒడ్డున ఎర్ర దారంతో వల కుట్టేది నేనొక్కణ్ణే. తెగిన ముక్కలు పడవలోనే వదిలేసేదీ నేనే.

రాత్రి నువ్వు తినలేదని అమ్మాయి చెప్పింది. పులుసుంది, తిను.

ఆ దారం మోటారు మీదే ఉంది, పారేయొద్దు. సాయంత్రం అందరికీ నేనే చూపిస్తాను. నువ్వూ రా.