శుక్రవారం గారికి, నాలుగో నంబరు కుర్చీ

బెజవాడ,
మంగళవారం

నాలుగో నంబరు కుర్చీలో శుక్రవారం పూట ఆసీనులగు వారి సముఖమునకు,

ఇందుమూలముగా యావన్మందికీ, ముఖ్యంగా తమరికీ తెలియజేయునదేమనగా: ఈ ఆస్పత్రి కీమో వార్డులో కిటికీ పక్కనున్న నాలుగో నంబరు కుర్చీ, మంగళవారం ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు వరకు, జగ్గయ్యపేట వాస్తవ్యురాలు, లేడీస్ టైలరు, ఏడో తరగతి ఫెయిలు అయిన రత్నమణి స్వాధీనంలో ఉండును. సదరు కుర్చీ దిండు కింద వరసగా రెండు మంగళవారాలు ఒక్కొక్క నిమ్మకాయ దొరికినది. అది ఎవరు పెట్టిరి, ఎవరి మీద పెట్టిరి అను విషయమై తమరు సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

ఇక మామూలుగా మాట్లాడుకుందాం. చేతబడి అయితే మీరు బాగా ఆలస్యం చేశారండి. నాకు రావలసింది ముందే వచ్చింది. ఏడు డోసులు ఎక్కించారు, గుండైంది, గోళ్ళు నల్లబడ్డాయి. కొత్తగా మీ నిమ్మకాయ చెడగొట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. నర్సు ఫ్లోరెన్సుని అడిగితే అది శుక్రవారం వచ్చే పేషెంటుదని చెప్పింది. పేరు మాత్రం చెప్పనంది. కాగితం రాసిస్తే అందిస్తానంది. మీరెవరో పెద్ద ఆఫీసరు గారై ఉంటారని నా అనుమానం. కుర్చీని అంత వెనక్కి వాల్చి, అట్టాగే వదిలేసి పోయేది వాళ్ళే.

ఇట్లు,
మంగళవారం రత్నమణి

తా.క.: మొదటి నిమ్మకాయని మా ఆయన మోజెస్ ప్రార్థన చేసి పారేశాడు. రెండోదాన్ని నేను ప్రార్థన చేసి మజ్జిగలో పిండుకున్నా.

*

బెజవాడ,
శుక్రవారం

రత్నమణి గారికి పుష్పవతి నమస్కరించి రాయునది.

ఆ నిమ్మకాయలు నావేనండి. నేను ఆఫీసర్ని కాను. మాది నందిగామ, మిరప, పత్తి వేస్తాం. మందు ఎక్కుతుంటే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూస్తే కాస్త ఆగుతుంది. వెళ్ళేటప్పుడు మర్చిపోతున్నా. మీరు చేతబడి అనుకున్నారని చదివి డ్రిప్పు కదిలేటట్టు నవ్వా. ఏమైందోనని ఫ్లోరెన్సు గారు పరిగెత్తుకొచ్చి బీపీ చూశారు.

నాకు రొమ్ములో గడ్డండి, ఎడమ పక్క. మా ఆయన చిన్నబాబు గారికి తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్ నంబరు ఇవ్వనందుకు ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో ఫోను మోగితే ముందు ఎత్తేది పక్కింటి భారతీదేవి గారు. ప్రతి శుక్రవారం బెజవాడ ఎందుకని ఆవిడే అడిగితే, పళ్ళు బాగుచేయించుకుంటున్నా అని చెప్పా. ఇవాళ మూడోది. ఇంకా తొమ్మిదున్నాయి. అన్ని శుక్రవారాలకి సరిపడా పళ్ళు నాకు లేవండి.

నిన్నటి నుంచి జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వస్తోంది. అది నలుగురికీ తెలిసే లోపు ఈ వైద్యం మానేద్దామనుకుంటున్నా. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. బహుశా ఇదే ఆఖరు. కుర్చీ నిటారుగా పెట్టి వెళ్తున్నా.

ఉంటానండి,
పుష్పవతి

తా.క.: ఆ రెండో నిమ్మకాయ మూడు గంటలు నా ముక్కుకి ఆనించుకున్నది. మజ్జిగ ఎట్టా ఉందండి?

*

బెజవాడ,
మంగళవారం

నిమ్మకాయ వదిన గారికి,

వదిన అని పిలిచినందుకు మీ వాళ్ళెవరైనా మొహం చిట్లిస్తే చిట్లించుకోనివ్వండి. కూర్చునే కుర్చీ ఒకటే, గుచ్చే ఫ్లోరెన్సు ఒకతే, మీ ముక్కుకి తగిలింది నా కడుపులోకి పోయింది. చుట్టరికానికి ఇంకేం కావాలి? నాదీ రొమ్మేనండి, కుడి పక్క. ముప్ఫై ఏళ్ళుగా పేటలో ఆడవాళ్ళందరి ఛాతీకీ టేపు చుట్టి కొలిచినదాన్ని. నా గడ్డ మాత్రం నాకు తెలియలేదు.

మానేస్తానంటున్నారు. సరే, మానేసే ముందు మా మేనత్త కూతురు జీవరత్నం సంగతి వినండి. పెనుగంచిప్రోలు మనిషి. పదకొండేళ్ళ కింద ఆవిడకీ ఇదే జబ్బు. ఎడమ పక్క మొత్తం తీసేశారు. అంతకుముందు ఆవిడా మీలాగే నాలుగో డోసు దగ్గర మొండికేసి, కీమోకి రానని మునేటి ఒడ్డు దాకా పరిగెత్తింది. వాళ్ళాయన తువ్వాలు నడుముకి బిగించి వెంటపడి పట్టుకొచ్చాడు. ఇప్పుడు చూడాలి ఆవిణ్ణి. రెండెకరాల మిరప తోట తనే చేయిస్తోంది. బస్సులో ఆడవాళ్ళ సీట్లో మగాడెవడన్నా కూర్చుంటే ఆవిడ నోరు తెరవక్కర్లేదు, చూస్తే చాలు, లేచి నిలబడతాడు. ఆవిడ జాకెట్లన్నీ నేనే కుడతా. ఖాళీ అయిన పక్క లోపల ఒక జేబు పెట్టించుకుంది.

జుట్టు గురించి అడిగితే జీవరత్నం ఒకటే అంది: ఆవిడకేంటి, తిరుపతి మొక్కు అని చెప్పుకోవచ్చుగా. మాకు ఆ వీలు లేదండి. నేను తల చుట్టూ కొంగు బిగించి చర్చికి వెళ్తుంటే, రత్నమణికి ఈ వయసులో భక్తి ముదిరిందని అందరూ తెగ సంతోషపడుతున్నారు.

నాలుగో డోసుకి వస్తున్నారు. నేను అడగడం లేదు.

మీ మంగళవారం,
రత్నమణి

తా.క.: ఆ జేబులో జీవరత్నం సెల్‌ఫోను పెట్టుకుంటది. మొన్న ప్రార్థన మధ్యలో మోగింది. పాస్టరు గారు కళ్ళు తెరిచి, ఆవిడ గుండె వైపు చూసి, "ఎత్తమ్మా, పైనుంచేమో" అన్నారు.

*

బెజవాడ,
శుక్రవారం

మంగళవారం వదిన గారికి,

మానలేదండి. ఇవాళ ఆరోది. కానీ మీ సలహా మా కొంప ముంచింది.

తిరుపతి మొక్కు అని చెప్పానా, భారతీదేవి గారు రెండో మాటగా లడ్డు ఏదమ్మా అంది. లడ్డు లేకుండా తిరుపతి నుంచి ఎవరన్నా వస్తారా? ఇది నాకు తట్టలేదు, జీవరత్నం గారికి అసలే తట్టదు. సామానుతో పాటు వెనకాల వస్తున్నాయి అనేశా. మా ఆయన చొక్కా తగిలించుకుని రైలెక్కాడు. మూడో రోజు లడ్లతో దిగాడు. తల చూస్తే ఆయనదీ గుండే. ఇదేంటండీ అన్నా. "దేవుడి పేరు చెప్పి అబద్ధమాడాం గదా. రెంట్లో ఒక గుండన్నా నిజంది ఉండాలి" అన్నాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన అంత పెద్ద మాట మాట్లాడటం నేను వినలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఈమె పళ్ళు బాగుచేయించుకుంటోంది, మొగుడూ పెళ్ళాలు గుండ్లు కొట్టించుకున్నారు, వీధంతా లడ్లు పంచారు, కాబట్టి చిన్నబాబు కౌన్సిలరుగా నిలబడుతున్నాడని మా వీధి వాళ్ళు తేల్చేశారు. గుండ్లు గెలుపు కోసమట. నా పళ్ళు ఫ్లెక్సీలో నవ్వడానికట. మురుక్కాలవ బాగుచేయించమని నలుగురు అర్జీ పట్టుకొచ్చారు. మా ఆయన మొహమాటస్తుడు. చూద్దాంలే అన్నాడు.

ఇవి నవ్వుకోవడానికి. అసలుది ఇది. జీవరత్నం గారిని నా తరపున మూడు అడగండి. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి అద్దంలో చూసుకుంటే ఏమనిపించింది? వాళ్ళాయన చూసి ఏమన్నాడు? మళ్ళీ ఆవకాయ ఎప్పుడు తినగలిగింది? నా నోరంతా పుళ్ళు. పెరుగన్నం కూడా మండుతోంది. కొత్త జాడీ వైపు చూస్తూ కూర్చుంటున్నా. ఆవిడ అడ్రసు ఇస్తే నేనే వెళ్ళి అడుగుతా.

ఉంటా వదినా,
పుష్పవతి

తా.క.: నిన్న మురుక్కాలవ పని మొదలైంది. ఎవరు చేయిస్తున్నారో మాకు తెలియదు.

*

బెజవాడ,
మంగళవారం

కౌన్సిలరు గారి భార్యకి,

జీవరత్నాన్ని అడిగా. అద్దం సంగతి: ఇంటికి రాగానే అద్దం మీద తువ్వాలు కప్పేసిందట. పదో రోజు ఆ తువ్వాలు ఉతకడానికి తీసి, మళ్ళీ కప్పడం మర్చిపోయిందట. అంతే. వాళ్ళాయన సంగతి: కట్టు విప్పిన రోజు కుట్లన్నీ తేరిపార చూసి, మన రత్నమణి ఇంత వంకరగా కుట్టదే అన్నాడట. ఆవకాయ: మూడో నెల. కుడి పక్క తీశారు గదా, ముద్ద కలపడానికి చెయ్యి పట్టేసేదట, అయినా కలిపిందట.

ఇంకోటి కూడా అంది. ఒంట్లో ఉన్నది చాలదా, ఆ నాటకం కూడా ఎందుకు మొయ్యడం, భారతీదేవికి చెప్పెయ్యమంది. అడ్రసుతో పనిలేదు. ఆవిడ ఇంట్లో ఉండదు, ఎప్పుడూ గుంటూరు మిర్చి యార్డులోనే.

నా డోసులు ఇవాళ్టితో అయిపోయాయి. కుర్చీ ఇక వారమంతా మీరే ఏలుకోండి. ఆపరేషన్ వచ్చే నెల పద్దెనిమిదో తేదీ అన్నారు. చూడాలి. అరవై పెళ్ళి జాకెట్లు ఒప్పుకుని ఉన్నా. గడ్డ చాలావరకు కరిగిందని డాక్టరమ్మే చెప్పింది. కరిగిపోయేదాన్ని మళ్ళీ కొయ్యడమెందుకో నాకు అర్థం కావడం లేదు. తర్వాత చూసుకోవచ్చు.

రాస్తే జగ్గయ్యపేట షాపు అడ్రసుకి రాయండి. వెనక రాశా.

రత్నమణి

*

నందిగామ

మంగళవారం వదినకి,

మీ ఉత్తరంలో తా.క. లేదు. కాగితం తిప్పి చూశా. కవరు చింపి లోపల కూడా చూశా. నాకు గడ్డ అని చెప్పిన రోజు కూడా అంత భయం వేయలేదు.

ముందు నా సంగతి. భారతీదేవి గారికి చెప్పేశా. ఆవిడ కూర్చుని ఏడ్చింది, లేచి మొహం కడుక్కుంది, పళ్ళ అబద్ధానికి ఒక గంట తిట్టింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే చెంబుడు రాగిజావ తెచ్చి, అయ్యేదాకా ఎదురుగా నిలబడుతోంది. ఫోను ఇప్పటికీ ఆవిడే ఎత్తుతోంది. "మనిషి మందులో ఉంది, నాకు చెప్పండి" అంటోంది. కీమో కంటే జావే కష్టంగా ఉంది.

ఆ ఊపులో నిన్న పెనుగంచిప్రోలు వెళ్ళా. బస్సు దిగి ఆటో ఎక్కి, అడ్రసు లేకపోయినా అడుక్కుంటూ పోయా. జీవరత్నం గారు దొరికారు. యార్డుకి వెళ్ళలేదు. అచ్చం మీరు రాసినట్టే ఉందండి మనిషి. నా నోటి పుళ్ళు చూసి కారం వేయకుండా పప్పుచారు కాచి అన్నం పెట్టింది. మా కొత్తావకాయ జాడీ ఆవిడకిచ్చి వచ్చా. మీరు ఆపరేషన్ తప్పించుకుంటున్న సంగతి చెప్పా. ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"దానికి చెప్పు. కరిగిందంటే పోయినట్టు కాదు, మిగిలింది తియ్యడానికే ఆపరేషన్. డాక్టరమ్మ చదివింది ఏడో తరగతి కాదు. పద్దెనిమిదో తేదీ అది బల్ల మీద పడుకోకపోతే నేనే పేటకొచ్చి దాని కుట్టుమిషను తీసుకెళ్ళి మునేట్లో పారేస్తా. అరవై జాకెట్లు ఎవరన్నా కుడతారు. నాకు జేబు జాకెట్టు కుట్టేది అదొక్కతే. అది లేకపోతే నేనెవరి దగ్గరికి పోవాలి?"

ఈ ఆఖరి మాట అనేటప్పుడు ఆవిడ గొంతు బాగాలేదు. జలుబు అంది.

మీ శుక్రవారం,
పుష్పవతి

తా.క.: జీవరత్నం గారికి తీసింది ఎడమ పక్కని ఒక ఉత్తరంలో, కుడి పక్కని ఇంకో ఉత్తరంలో రాశారు. ఏదమ్మా నిజం అని ఆవిణ్ణే అడిగా. "అడిగేవాళ్ళకి ఏ పక్క అవసరమైతే ఆ పక్క" అంది.

*

బెజవాడ ఆస్పత్రి, మూడో అంతస్తు,
శుక్రవారం

కింద నాలుగో నంబరు కుర్చీలో పదకొండో డోసు ఎక్కించుకుంటున్న దొంగ వదినకి,

ఈ కాగితం ఫ్లోరెన్సు తెచ్చి ఇస్తది. మొన్న పద్దెనిమిదో తేదీ బల్ల మీద పడుకున్నా. మత్తు ఇచ్చే డాక్టరు అంకెలు లెక్కపెట్టమంటే నేను నవ్వుతున్నానట. ఎందుకమ్మా అంటే, రాకపోతే నా మిషను మునేట్లో పడుద్దండి అన్నానట. ఇది ఆయన అందరికీ చెప్పుకుంటున్నాడు.

కుడి పక్క తీసేశారు. రెండు గొట్టాలు పెట్టి వాటికి రెండు డబ్బాలు వేలాడదీశారు. అట్టా నడుస్తుంటే తాడెక్కబోయే కల్లుగీతవాడిలా ఉన్నావని మోజెస్ అన్నాడు. అని, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చెయ్యి పైకెత్తొద్దన్నారు. ఉత్తరం రాయొద్దని ఎవరూ అనలేదు. బాత్రూములో అద్దం మీద తువ్వాలు ఉంది. నేనే కప్పా. పదో రోజు దాకా దాని జోలికి పోను.

ఇందుమూలముగా ఒప్పుకొనునదేమనగా: పెనుగంచిప్రోల్లో నాకు మేనత్త లేదు. లేని మేనత్తకి కూతురు లేదు. జీవరత్నాన్ని ఆ మంగళవారం ఫ్లోరెన్సు నా చేతిలో నరం కోసం వెతుకుతున్న పది నిమిషాల్లో నేనే పుట్టించా, నువ్వు నాలుగో డోసుకి రావాలని. మిరప తోట, పాస్టరు గారు, తువ్వాలు, జేబు అన్నీ నా కుట్టుపనే. అట్టాంటి మనిషి నాకొకతి ఉంటే ఎంత బాగుండునో అనుకుంటూ రాశా. అందుకే అంత బాగా కుదిరింది. ఎడమా కుడీ మాత్రం తారుమారు చేశా. ముప్ఫై ఏళ్ళ టైలర్ని, సిగ్గుచేటు.

మరి నేను పుట్టించిన మనిషి నీకు పప్పుచారు ఎట్టా పోసిందే? నువ్వు నందిగామ దాటలేదు. ఆటో ఎక్కలేదు. ఆ ఉత్తరం చదివి షాపులో ఒక్కదాన్నే కూర్చుని ముందు నవ్వా, తర్వాత ఏడ్చా, తర్వాత డాక్టరమ్మకి ఫోన్ చేశా. లేని మనిషి తిడితే ఆపరేషన్‌కి వచ్చినదాన్ని ఈ ఆస్పత్రిలో నేనొక్కదాన్నే అయి ఉంటా.

వచ్చే నెల నీది ఎడమ పక్క. నాది కుడి. జీవరత్నానికి ఏ పక్కో ఇక గొడవ లేదు. ఇద్దరం కలిసి పదకొండేళ్ళు లాక్కొస్తే నేను రాసింది అబద్ధం కాకుండా పోతుంది. నీ జాకెట్టుకి జేబు గుడ్డ కత్తిరించి పెట్టా.

డ్రిప్పు కాగానే లిఫ్టెక్కి రా. ఇన్నాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడలేదు. గుండుని బట్టి గుర్తుపడదామంటే ఇక్కడ అందరివీ గుండ్లే. నిమ్మకాయ చేత్తో పట్టుకుని రా.

నీ వదిన,
రత్నమణి

తా.క.: లేని మనిషికి ఇచ్చిన ఆవకాయ జాడీ మీ ఇంట్లోనే ఉండాలి. మూత తీశావంటే ఊరుకోను. మూడో నెల అని జీవరత్నం చెప్పింది గదా, ఆవిడ మాట దాటొద్దు.